షుగర్ లేదు, వయసు నలభై దాటలేదు: రెటీనా కింద నీరు ఎందుకు చేరుతుంది?

గుంతకల్లు_లోకో
నా వయసు 38. గుంతకల్లు డివిజన్‌లో గూడ్సు రైళ్లు నడుపుతాను. గత నెలలో ఒక రాత్రి డ్యూటీలో ఎడమ కంటికి సరిగ్గా ఎదురుగా, చూపు నిలిచే చోటనే, బూడిద రంగు మచ్చ కనిపించడం మొదలైంది. కన్ను కడుక్కున్నా పోలేదు. కుడి కన్ను మూసి చూస్తే పట్టాల పక్కనున్న కరెంటు స్తంభాలు మధ్యలో వంగినట్లున్నాయి, ఎర్ర సిగ్నల్ వెలిసిపోయిన రంగులో ఉంది. నొప్పి లేదు, కన్ను ఎర్రబడలేదు. వెంటనే పైవారికి తెలియజేసి డ్యూటీ దిగాను. కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో ఓసీటీ స్కాన్ (కంటి లోపలి పొరలను విడివిడిగా చూపే ఫోటో) తీసి, కంటి వెనుక చూపును పట్టే పొర అయిన రెటీనా కింద నీరు చేరిందని, ఈ జబ్బును సెంట్రల్ సీరస్ కోరియోరెటినోపతి అంటారని చెప్పారు. చుక్కల మందు కూడా రాయకుండా, కొంతకాలం ఆగి మళ్లీ స్కాన్ తీద్దామన్నారు.
షుగర్ పరీక్ష చేయించాను, లేదు. రెటీనా జబ్బులు షుగర్ ఉన్నవారికీ పెద్ద వయసు వారికీ వస్తాయనే ఇంతవరకు విన్నాను. సంపాదించే వయసులో ఉన్న మనిషికి ఇది ఏ కారణాల వల్ల వస్తుంది? నేను మానుకోవలసినవి ఏమైనా ఉన్నాయా? నా ఉద్యోగం పూర్తిగా చూపు మీద, రంగులు గుర్తించడం మీద ఆధారపడి ఉంది కాబట్టి అడుగుతున్నాను.

హంద్రీగట్టు
ఫోను ఎక్కువగా చూడడం వల్లనే అయి ఉంటుంది. మా ఆఫీసులో అందరికీ కళ్ల సమస్యలే. రాత్రిపూట చీకట్లో ఫోను చూడడం మానేయండి.

కంటిపరీక్ష_కర్నూలు
నేను ఆప్టోమెట్రిస్టుగా, అంటే చూపు పరీక్షించే పనిలో ఉన్నాను. ఫోను వల్ల కళ్లు పొడిబారడం, తలనొప్పి, దూరపు చూపు మసకబారినట్లు అనిపించడం జరుగుతాయి. ఈ జబ్బుకు ఫోను కారణమని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు. ఆ ఒక్క మాట పట్టుకుని అసలు కారణాలను వెతకడం మానేస్తారేమోనని వివరంగా రాస్తున్నాను.
రెటీనా వెనుక కోరాయిడ్ అనే రక్తనాళాల పొర ఉంటుంది. ఈ రెండింటి నడుమ ఒకే వరుస కణాలతో ఏర్పడిన పలుచని పొర ఒకటి కోరాయిడ్‌లోని నీటిని ముందుకు రానివ్వకుండా ఆపుతుంది, పొరపాటున వచ్చిన నీటిని వెనక్కి తోడేస్తుంది. కోరాయిడ్‌లోని నాళాలు ఉబ్బి ఒత్తిడి పెరిగినప్పుడు ఆ పలుచని పొరలో ఏదో ఒకచోట, చెరువు కట్టకు ఊట పడినట్లు, నీరు చెమర్చి రెటీనా కింద గుంటలా నిలుస్తుంది. అది చూపుకు కేంద్రమైన మాక్యులా కింద నిలిచినందువల్లనే మీకు నడిమిన మచ్చ, వంకర గీతలు, వెలిసిన రంగులు కనిపించాయి. కొందరికి ఆ కంటితో చూసినప్పుడు వస్తువులు చిన్నవిగా కూడా కనిపిస్తాయి.
ఇది కొత్త జబ్బు కాదు. జర్మన్ నేత్రవైద్యుడు ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫ్ 1866లోనే దీనిని వర్ణించారు. ఎక్కువగా 30 నుంచి 50 ఏళ్ల మధ్య వయసు వారికి, అందులోనూ మగవారికి వస్తుంది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఓల్మ్‌స్టెడ్ కౌంటీ ప్రజల 1980 నుంచి 2002 వరకు ఉన్న రికార్డులను పరిశీలించినప్పుడు, ఏడాదికి లక్ష మంది మగవారిలో సుమారు 10 మందికి, లక్ష మంది ఆడవారిలో 2 కంటే తక్కువ మందికి ఇది కొత్తగా వచ్చినట్లు తేలింది. షుగర్‌తో దీనికి నేరుగా సంబంధం లేదు.
మీరు ఒక విషయం చెప్పలేదు. గత కొన్ని నెలల్లో స్టెరాయిడ్ ఏ రూపంలోనైనా వాడారా? మాత్ర, ఇంజెక్షన్, ముక్కులో కొట్టే స్ప్రే, ఇన్హేలర్, చర్మానికి రాసే పూత, ఏదైనా సరే.

గుంతకల్లు_లోకో
ఆసుపత్రిలోనూ ఇదే అడిగారు. స్టెరాయిడ్లు వాడేది వ్యాయామశాలకు వెళ్లేవారు కదా అనుకుని లేదని చెప్పాను. ఇప్పుడు మీ జాబితా చూశాక ఇంట్లోని మందులన్నీ తీసి చూశాను. దుమ్ము పడక తుమ్ములు వస్తాయని వాడుతున్న ముక్కు స్ప్రే మీద ఫ్లూటికాసోన్ అని ఉంది, అదీ స్టెరాయిడేనట. నడుము నొప్పికి మా ఊరి దగ్గర ఒకచోట నెలకోసారి సూది వేయించుకునేవాడిని. ఆ సూదిలో ఏమిటో ఆయన ఎన్నడూ చెప్పలేదు, చీటీ కూడా ఇవ్వలేదు. వేసిన పూటకే నొప్పి తగ్గేది.

మందులషాపు_కడప
చీటీ లేకుండా వేసి, పూటలో నొప్పి మాయం చేసే సూదుల్లో తరచుగా ఉండేది డెక్సామెథాసోన్ లేదా ట్రయామ్సినోలోన్. రెండూ స్టెరాయిడ్లే. మీకు వేసింది అదేనని నేను అనలేను కానీ, కంటి డాక్టరుకు ఈ మాట తప్పక చెప్పండి.
కడపలో మందుల దుకాణం నడుపుతున్నవాడిగా నాకు బాధ కలిగించే విషయం ఇది. స్టెరాయిడ్ అంటే కండలు పెంచే మందు అని జనం అనుకుంటారు. కండలు పెంచేవి వేరు రకం. ఈ కంటి జబ్బుకు సంబంధించినవి కార్టికోస్టెరాయిడ్లు, అంటే మన శరీరంలో కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోనును పోలినవి. ప్రెడ్నిసోలోన్, డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, మిథైల్ ప్రెడ్నిసోలోన్, డిఫ్లాజాకార్ట్, ఇవన్నీ ఆ కోవలోవే. లావు కావడానికని సన్నటి పిల్లలకు కొందరు ఇచ్చే మాత్రల్లో ఇవి ఉంటాయి. ముఖం తెల్లబడుతుందని స్నేహితురాలు చెప్పగా కొనుక్కునే గొట్టాల్లో బీటామెథాసోన్, మొమెటాసోన్ ఉంటాయి. గజ్జి, తామరకని అడిగి తీసుకువెళ్లే గొట్టాల్లో క్లోబెటసాల్ ఉంటుంది. చీటీ లేనిదే ఇటువంటి పూతమందులను అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాలను షెడ్యూల్ హెచ్ అనే, చీటీ మీదే అమ్మవలసిన మందుల జాబితాలోకి మార్చింది. అయినా గొట్టం పేరు చెప్పి అడిగేవారు రోజూ వస్తూనే ఉన్నారు. ఇవ్వనంటే, పక్క దుకాణంలో ఇస్తారని చెప్పి వెళ్లిపోతారు.

తాడిపత్రి_పాలిష్
పైన రాసినది చదివి నాకు కోపం వచ్చింది. నేను బండల పాలిష్ పనిలో ఉన్నాను. ఆ దుమ్ముకు ఆయాసం పట్టుకుంది. డాక్టరు ఇన్హేలర్ రాశారు, అది వాడిన తర్వాతే రాత్రి పడుకోగలుగుతున్నాను. అది స్టెరాయిడ్, కంటికి చేటు అని మీరు ఇలా రాస్తే నావంటివారు భయపడి మానేస్తారు. మానేస్తే ఊపిరి ఆగిపోతుంది. కన్ను ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా?

హంద్రీగట్టు
తాడిపత్రి అన్న చెప్పినదాంట్లో న్యాయం ఉంది. ముప్పు ఎవరికి ఎంత అన్నది చెప్పకుండా జాబితా ఇస్తే అందరూ బెదిరిపోతారు.

కంటిపరీక్ష_కర్నూలు
ఆయన అడిగినది సరైన ప్రశ్న, సమాధానం కూడా స్పష్టంగానే ఉంది. ఆయాసానికి డాక్టరు రాసిన ఇన్హేలర్‌ను ఎవరూ తమంతట తాము మానకూడదు. మింగే మాత్రలు, సూదుల విషయంలో ఈ జబ్బుతో సంబంధం బలంగా రుజువైంది. ఇన్హేలర్, ముక్కు స్ప్రే, చర్మపు పూతల వాడకంలోనూ కేసులు నమోదయ్యాయి కానీ అక్కడ శరీరంలోకి చేరే మోతాదు తక్కువ, ముప్పూ తక్కువే. ఇన్హేలర్ వాడే కోట్లాది మందిలో అత్యధికులకు ఈ జబ్బు ఎన్నడూ రాదు.
కాబట్టి కంటిలో లక్షణం లేనివారు చేయవలసిందేమీ లేదు. ఈ జబ్బు వచ్చినవారు మాత్రం తాము వాడే ప్రతి స్టెరాయిడ్‌ను కంటి డాక్టరుకూ, దానిని రాసిన డాక్టరుకూ ఇద్దరికీ చెప్పాలి. తగ్గించవచ్చా, మార్చవచ్చా, మానవచ్చా అన్నది వారు కలిసి నిర్ణయిస్తారు. వారాల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగినవారు ఒక్కసారిగా ఆపితే మరొక అపాయం ఉంది. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తున్నంతకాలం అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుంటాయి, హఠాత్తుగా ఆపితే అవి వెంటనే అందుకోలేవు, బీపీ పడిపోయి మనిషి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మోతాదును మెల్లమెల్లగా దించుతారు.

తాడిపత్రి_పాలిష్
ఈ మాట మొదటే రాసి ఉంటే బాగుండేది. ఇప్పుడు మనసు కుదుటపడింది.

ప్రొద్దుటూరు_పంతులమ్మ
మా ఇంటాయనకు ఇదే జబ్బు రెండేళ్ల కిందట వచ్చింది. ఆయన స్టెరాయిడ్ అన్నది ఎరుగరు, మందుబిళ్లే మింగని మనిషి. ఆయన చేసేది బట్టల వ్యాపారం. ఆ ఏడాది అప్పులు మెడ మీద కూర్చున్నాయి, ఇవ్వవలసినవారు రోజూ ఫోను చేసేవారు, ఆయన రాత్రుళ్లు లెక్కల పుస్తకం ముందు కూర్చుని తెల్లవార్చేవారు. డాక్టరు మనసు మీద భారం తగ్గించుకోమన్నారు. అన్నింటికీ మందులనే కారణంగా చూపించడం నాకు సరిగా తోచడం లేదు.

మందులషాపు_కడప
మనసు మీద భారం అన్నది కొలవలేనిది, అమ్మా. ఏ జబ్బు వచ్చినా వెనక్కి తిరిగి చూస్తే ప్రతివారికీ ఏదో ఒక కష్టం కనిపిస్తుంది. వాడిన మందుకు చీటీ ఉంటుంది, తేదీ ఉంటుంది. నేను కొలవగలిగినదాన్నే ముందు చూడాలంటాను.

కంటిపరీక్ష_కర్నూలు
ఇద్దరి మాటలోనూ సత్యం ఉంది. న్యూయార్క్‌కు చెందిన రెటీనా వైద్యుడు లారెన్స్ యన్నుజ్జి 1980లలో, ఎప్పుడూ గడియారంతో పోటీపడుతూ, ఓపిక లేక, పనిని వదలలేక ఉండే స్వభావం వారిలో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తున్నదని రాశారు. అటువంటి స్వభావాన్ని టైప్ ఏ అంటారు. తర్వాత వచ్చిన పరిశీలనల్లో కొన్ని దీనిని బలపరిచాయి, కొన్ని బలపరచలేదు. ఒత్తిడిలో శరీరం సొంతంగా కార్టిసాల్‌ను, అడ్రినలిన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది కాబట్టి, స్టెరాయిడ్ మింగకపోయినా లోపలి నుంచే అదే రకం ప్రభావం కలగవచ్చునన్నది వైద్యుల ఆలోచన. అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ను అతిగా తయారుచేసే కుషింగ్ వ్యాధి ఉన్నవారికి ఈ కంటి జబ్బు రావడం ఆ ఆలోచనకు ఊతమిస్తోంది.
అయితే ప్రొద్దుటూరు వారు రాసిన దానిలో నాకు మనోభారం కంటే ముందు కనిపించింది రాత్రుళ్లు తెల్లవార్చడం. నిద్ర చెడడానికీ ఈ జబ్బుకూ సంబంధం ఉన్నదని, షిఫ్టులలో పనిచేసేవారికి ఇది ఎక్కువగా వస్తున్నదని ఫ్రాన్స్‌లో పరిశీలించి 2016లో ప్రకటించారు. రైలు నడిపే అన్నకు కూడా ఇది వర్తిస్తుందేమో చూడండి.

గుంతకల్లు_లోకో
నా డ్యూటీకి వేళ అంటూ ఉండదు. పిలుపు వచ్చినప్పుడు ఎక్కాలి. వరసగా రాత్రులు పడితే పగటి నిద్ర సరిగా పట్టదు, ఇంట్లో పిల్లలుంటారు. ఇది నా ఒక్కడి సంగతి కాదు, మా రన్నింగ్ రూములో, అంటే రైలు సిబ్బంది విశ్రాంతి గదిలో, ఎవరిని అడిగినా ఇదే చెబుతారు.

ఎర్రగుంట్ల_షిఫ్ట్
సిమెంటు ఫ్యాక్టరీలో మూడు షిఫ్టుల పని నాది. నాకు 44 ఏళ్లప్పుడు ఈ జబ్బు వచ్చి తగ్గింది, మళ్లీ వచ్చింది. రెండోసారి చూసిన డాక్టరు నన్ను వదిలి మా ఆవిడను అడిగారు, ఈయన గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తారా అని. అవునని చెప్పింది. నిద్ర పరీక్ష చేయిస్తే స్లీప్ ఆప్నియా అని తేలింది. బీపీ కూడా ఎక్కువగా ఉంది, అది ఉన్నట్లు నాకు అంతవరకు తెలియదు. నిద్రలో ఊపిరి ఆగినప్పుడల్లా శరీరం భయపడి అడ్రినలిన్ వదులుతుందట, బీపీ పెరుగుతుందట. ఇప్పుడు రాత్రి ముక్కుకు గాలి యంత్రం పెట్టుకుని పడుకుంటున్నాను, బీపీ మాత్ర వేసుకుంటున్నాను. జబ్బు మళ్లీ రాలేదు. యంత్రం వల్లనే రాలేదని నేను చెప్పలేను. పగటిపూట కూర్చున్నచోటే కునుకు పట్టే బాధ మాత్రం పోయింది. గురక పెట్టే వారెవరికైనా ఈ కంటి జబ్బు వస్తే నిద్ర పరీక్ష అడిగి చేయించుకోండి.

అనంత_అక్క
ఆడవాళ్లకు తక్కువగా వస్తుందన్నారు. నాకు రెండో కాన్పు ఎనిమిదో నెలలో వచ్చింది. అనంతపురంలో చూపిస్తే, గర్భిణుల శరీరంలో కార్టిసాల్ సహజంగానే పెరుగుతుందని, చివరి నెలల్లో కొందరికి ఇలా కావచ్చని చెప్పారు. రంగు సూది వేసి తీసే ఫోటో పరీక్షను గర్భం కారణంగా వద్దనుకుని ఓసీటీతోనే సరిపెట్టారు. కాన్పు అయిన కొన్ని వారాలకు చూపు తేటపడింది. ఆ నెలల్లో చూపు మసకబారితే బీపీ పెరిగి కూడా కావచ్చు కాబట్టి, ఎవరూ దీనిని ఇంట్లో తామే తేల్చుకోకూడదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆదోని_పత్తి
ఇక్కడ ఎవరూ చెప్పని ప్రమాదం ఒకటి ఉంది. నాకు చూపు మసకబారినప్పుడు ముందుగా వెళ్లినచోట కంటి లోపల వాపు అన్నారు. వాపు తగ్గడానికని మాత్రలు రాశారు. వేసుకున్న కొద్దీ మచ్చ పెద్దదైంది. తర్వాత హైదరాబాదులో రెటీనా నిపుణులు ఆ చీటీ చూసి, అవి ప్రెడ్నిసోలోన్ మాత్రలని, ఈ జబ్బును పెంచేవే అవని చెప్పి మోతాదు దించుకుంటూ ఆపించారు. ఆ చీటీని నా దగ్గర ఇప్పటికీ దాచిపెట్టుకున్నాను. కోపంతో కాదు, మళ్లీ ఎవరు ఏ వాపుకు మాత్ర రాసినా చూపించడానికి.

కంటిపరీక్ష_కర్నూలు
ఆదోని అన్న రాసినది ఈ చర్చలో అందరూ గుర్తుంచుకోదగినది. కంటి నరం వాపులోనూ యువెయిటిస్ అనే కంటి లోపలి వాపులోనూ స్టెరాయిడ్ మేలు చేస్తుంది. ఈ జబ్బులో అదే మందు కీడు చేస్తుంది. పైకి లక్షణాలు దగ్గరగా ఉంటాయి కనుక ఓసీటీ తీయకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టకూడదు. మరొక తికమక కళ్లద్దాల దుకాణంలో జరుగుతుంది. నీరు చేరి రెటీనా ముందుకు జరిగినప్పుడు ప్లస్ పవరు అద్దం పెడితే కొంత తేటగా కనిపిస్తుంది. దానితో పవరు మారిందనుకుని కొత్త అద్దాలు చేసి పంపేస్తారు. 35 ఏళ్ల మనిషికి ఒక కంటికి మాత్రమే హఠాత్తుగా ప్లస్ పవరు వచ్చిందంటే అది అద్దాలతో తీరే సంగతి కాదు.

హంద్రీగట్టు
మా నాన్నకు షుగర్ ఉంది. ఆయనకు కూడా మాక్యులా దగ్గర నీరు చేరిందని చెప్పి కంట్లోకి సూది వేశారు. మరి ఇక్కడ అందరికీ ఆగి చూద్దామంటున్నారు. జబ్బు అదే కదా?

కంటిపరీక్ష_కర్నూలు
అది వేరే జబ్బు. షుగర్ వల్ల రెటీనాలోని సన్నటి నాళాలే దెబ్బతిని రెటీనా లోపలే నీరు ఊరుతుంది. అక్కడ షుగర్ ఉన్న కాలం, షుగర్ అదుపు, బీపీ, కిడ్నీల స్థితి ప్రధాన కారణాలు. ఆగి చూడడం ఆయనకు వర్తించదు, డాక్టరు చెప్పిన తేదీలకు సూదులు వేయించండి. పనిచేసే వయసు వారిలో చూపు పోవడానికి షుగర్ రెటీనా జబ్బు ప్రపంచమంతటా ముఖ్యకారణాల్లో ఒకటి. మీ నాన్నగారికి షుగర్ ఉంది కనుక మీరు కూడా షుగర్ పరీక్ష చేయించుకోండి.

గుంతకల్లు_లోకో
ఆగి చూడడం అంటే ఎంతకాలం? తగ్గకపోతే ఏం చేస్తారు? ఇంట్లో అందరూ ఏ మందూ ఇవ్వలేదని దిగులు పడుతున్నారు.

ఆదోని_పత్తి
మొదటిసారి వచ్చినప్పుడు చాలామందికి మూడు నాలుగు నెలల్లో నీరు తనంతట తానే ఇంకిపోతుందని నాకు చెప్పారు. మూడింట ఒకవంతు నుంచి సగం మంది వరకు మళ్లీ వస్తుందట. నాది ఇంకకుండా నిలిచిపోయిన రకం. అందుకని ఫోటోడైనమిక్ చికిత్స చేశారు. వెర్టిపోర్ఫిన్ అనే మందును చేతి నరంలోకి ఎక్కించి, కంట్లో లీకు ఉన్నచోట వేడి పుట్టని లేజరు కాంతి వేస్తారు. ఆ తర్వాత కొన్ని రోజులు ఎండ తగలకూడదన్నారు. మన ఆదోని ఎండలో అది కష్టమే కానీ కిటికీలు మూసుకుని ఇంట్లోనే ఉన్నాను. నీరు ఇంకింది. రంగులు మాత్రం ఆ కంటికి ఇంకా కొంచెం పాలిపోయినట్లే ఉన్నాయి. నీరు చాలాకాలం నిలిస్తే రెటీనా కణాలు దెబ్బతింటాయని, అందుకే గడువు దాటించకూడదని చెప్పారు.

కంటిపరీక్ష_కర్నూలు
దీర్ఘకాలం నిలిచిన జబ్బుకు సగం మోతాదు ఫోటోడైనమిక్ చికిత్స మైక్రోపల్స్ లేజరు అనే మరో చికిత్స కంటే మేలని, రోగుల మీద రెండింటినీ పోల్చి చూసి 2018లో వెలువరించిన ప్లేస్ ట్రయల్ చూపించింది. ఎప్లెరెనోన్ అనే మాత్రను చాలాచోట్ల రాసేవారు. అది ఉత్తుత్తి మాత్ర కంటే ఎక్కువ ఫలితమేమీ ఇవ్వలేదని 2020లో విసి ట్రయల్ తేల్చింది. ఏ మందూ రాయకపోవడం అశ్రద్ధ కాదని ఇంట్లోవారికి చెప్పండి. మీ వంతుగా ఒక పని చేయవచ్చు. గళ్ల కాగితం గోడకు అంటించి, నడిమిన చుక్క పెట్టి, చదివే దూరంలో నిలబడి ఒక్కొక్క కంటితో చూడండి. గీతలు మునుపటి కంటే ఎక్కువ వంగినా, కొత్తచోట వంగినా, తేదీ కోసం ఆగకుండా వెళ్లండి.

గుంతకల్లు_లోకో
ఈ రోజు ముక్కు డాక్టరును కలిశాను. కన్ను తగ్గేవరకు స్టెరాయిడ్ లేని అలర్జీ మందుకు మార్చారు. నడుము సూది ఇక వేయించుకోను, ఎముకల డాక్టరు వ్యాయామాలు నేర్పిస్తున్నారు. రైల్వే వైద్యులు చూపు, రంగుల పరీక్ష మళ్లీ చేసి తేల్చేవరకు బండి ఎక్కించరు. అది సబబే, ఎర్ర దీపం పాలిపోయి కనిపించే కంటితో నేనైనా ఎక్కను.

తాడిపత్రి_పాలిష్
ఒక అనుమానం. మా పక్కనే పనిచేసే అతను మోకాళ్ల నొప్పికి ఒక నాటు వైద్యుడి దగ్గర పొడి పొట్లాలు తెచ్చుకుంటున్నాడు. అందులో స్టెరాయిడ్ కలిపారో లేదో ఎలా తెలుస్తుంది? ఈ మధ్య అతను కూడా ఒక కంటికి మసకగా ఉందంటున్నాడు.

మందులషాపు_కడప
చూసి చెప్పలేము, ప్రయోగశాలలోనే తెలుస్తుంది. కానీ గుర్తులు కొన్ని ఉన్నాయి. వేసుకున్న రోజే నొప్పి పూర్తిగా పోవడం, ఆకలి బాగా పెరగడం, కొన్ని వారాల్లో ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్లం మానిన రెండు మూడు రోజులకే నొప్పులు ఇంతకుముందు కంటే ఎక్కువగా తిరగబెట్టి నీరసం రావడం, ఇవి ఉంటే అనుమానించాలి. షుగర్, బీపీ కూడా కొత్తగా బయటపడవచ్చు. ఎన్నాళ్లుగా వాడుతున్నాడో అడగండి. నెలలుగా వాడుతుంటే ఇవాళే ఆపేయమని చెప్పకండి, మిగిలిన పొట్లాలతో సహా ముందు ఫిజీషియన్ దగ్గరకు తీసుకువెళ్లండి. కంటికి ఓసీటీ కూడా తీయించండి.

తాడిపత్రి_పాలిష్
అతని ముఖం ఉబ్బిన మాట నిజం. ఒళ్లు చేశాడని మేమంతా అనుకున్నాము. సోమవారం పని మాన్పించి అనంతపురం పెద్దాసుపత్రికి నేనే తీసుకువెళ్తాను. పొట్లాలు పారేయవద్దని ఇప్పుడే ఫోను చేసి చెప్పాను.